పాదాల మీద పరిశోధన పత్రిక: ఎవరు రాయాలి, ఎవరు చదవాలి, ఖర్చు ఎవరు భరించాలి

నల్లగొండ జిల్లా ప్రజల ఎముకలను ఫ్లోరైడ్ నీళ్లు ఎలా దెబ్బతీస్తున్నాయో చెప్పిన వ్యాసం ఒకటి 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. రాసినవారు ఎ.హెచ్. సిద్దీఖీ. శీర్షికలోనే నల్లగొండ పేరు ఉంది. మరో పద్దెనిమిదేళ్లకు, 1973లో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యం గురించి లాన్సెట్‌లో రాశారు. రెండూ లండన్ పత్రికలే. ఇవాళ అదే జిల్లా మర్రిగూడలో ఉన్న ఒక విద్యార్థి ఫోనులో ఈ రెండింటినీ వెతికితే మొదటిది వెంటనే తెరుచుకుంటుంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలు అమెరికాలోని పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారంలో ఉండడమే అందుకు కారణం. రెండోది తెరవాలంటే డబ్బు కట్టాలి. తన ఊరివాళ్ల కాళ్ల వంటి కాళ్ల మీద జరిగిన పరిశోధన చదవడానికి ఆ విద్యార్థి డాలర్లు చెల్లించాల్సిన పరిస్థితి.

ఓపెన్ యాక్సెస్ అనే మాట చుట్టూ ఉన్న గొడవంతా ఇదే. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. పరిశోధన వ్యాసాన్ని ఎవరైనా రుసుము లేకుండా చదవొచ్చు, దించుకోవచ్చు, పంచుకోవచ్చు, రచయిత పేరు చెప్పి తిరిగి వాడుకోవచ్చు. మొదటి సగం, అంటే ఉచితంగా చదవడం, అందరికీ అర్థమవుతుంది. చివరి సగంలో ఉన్న చిక్కు గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాదం, చీలమండ సంరక్షణ మీద దక్షిణ తెలంగాణ నుంచి ఒక ఓపెన్ యాక్సెస్ పత్రిక పెట్టాలంటే ఏం కావాలి? ఆ మాటకొస్తే, పెట్టాల్సిన అవసరం ఉందా? ఈ రెండో ప్రశ్నను దాటేసి మొదటిదానికి వెళ్లిపోయే పత్రికలే చాలావరకు మధ్యలో ఆగిపోతాయి.

ఇటువంటి పత్రికకు ప్రపంచంలో ఒక మంచి పూర్వరంగం ఉంది. 2008లో జర్నల్ ఆఫ్ ఫుట్ అండ్ యాంకిల్ రీసెర్చ్ మొదలైంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని పాదవైద్య సంఘాలు అప్పటిదాకా వేరువేరుగా నడుపుకుంటున్న తమ పత్రికలను ఆపేసి, బయోమెడ్ సెంట్రల్ అనే ప్రచురణ సంస్థ ద్వారా ఒకే ఓపెన్ యాక్సెస్ పత్రికను తెచ్చాయి. ఇందులో నేర్చుకోవాల్సింది సాంకేతిక విషయం కాదు. తమ పేరున్న పత్రికను వదులుకోవడానికి రెండు సంఘాలు ఒప్పుకోవడం పెద్ద సంగతి. మన దగ్గర ఒక్కో కళాశాల ఒక్కో పత్రిక పెట్టి, మూడో సంచికకు వ్యాసాలు లేక వెతుక్కునే ధోరణి దీనికి సరిగ్గా వ్యతిరేకం.

అక్కడ పోడియాట్రీ, అంటే పాదవైద్యం, ఒక ప్రత్యేక వృత్తి. చదువు వేరు, రిజిస్ట్రేషన్ వేరు. మన దగ్గర పాదానికి ఒక్క యజమాని లేడు. విరిగితే ఎముకల డాక్టరు, పుండు పడితే జనరల్ సర్జన్, తిమ్మిరెక్కితే షుగర్ డాక్టరు, మడమ నొప్పి అయితే ఫిజియోథెరపిస్టు, కాలు తీసేశాక కృత్రిమ అవయవాలు చేసే నిపుణుడు, వీళ్లందరికంటే ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ. ఇండియన్ ఫుట్ అండ్ యాంకిల్ సొసైటీకి ఇప్పటికే ఒక పత్రిక ఉంది, కానీ దాని పేరులోనే శస్త్రచికిత్స ఉంది. కత్తి పట్టేదాకా రాకుండా పాదాన్ని కాపాడే పని మీద రాసేవాళ్లకు వేదిక కావాలన్నది కొత్త పత్రికకు నాకు కనిపించే ఒకే ఒక్క గట్టి కారణం. అధ్యాపకుల పదోన్నతులకు వ్యాసాలు కావాలి కాబట్టి పత్రిక పెడదామన్న ఆలోచనతోనైతే మొదలుపెట్టకపోవడమే మేలు.

విషయానికి మాత్రం కొరత లేదు. అచ్చంపేట దగ్గరి ఊళ్లో వంకరపాదాలతో బిడ్డ పుట్టిందనుకోండి. ప్రపంచవ్యాప్తంగా ప్రతి వెయ్యి జననాల్లో సుమారు ఒకరికి ఈ సమస్య ఉంటుంది. పొన్‌సెటీ పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతారు. చాలామందికి మడమ వెనుక నరంలా కనిపించే స్నాయువును చిన్న కోతతో వదులు చేస్తారు. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు వేయాలి. చికిత్స విఫలమయ్యేది ఎక్కువగా ఈ బూట్ల దశలోనే. తల్లిదండ్రులు వలస వెళ్లే పాలమూరు కుటుంబంలో ఆ బూట్లు ఏమవుతాయి? పుణెలో పనిచోట గుడిసెలో వేస్తారా, ఊళ్లో అవ్వ దగ్గర వదిలిన బిడ్డకు ఎవరు వేస్తారు? దీనికి జవాబు ఆ పద్ధతి పుట్టిన అమెరికాలోని అయోవాలో దొరకదు. నలభై కుటుంబాలను ఓపికగా వెంటాడి అడిగితే ఇక్కడే దొరుకుతుంది.

షుగర్ పాదం సంగతి ఇంకా పెద్దది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. పాదంలో స్పర్శ పోయిందో లేదో తెలుసుకోవడానికి పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పరీక్షిస్తారు. రోగి కళ్లు మూసుకుంటాడు, పోగు అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కుతారు, తెలిసిందా లేదా అని అడుగుతారు. ఆనెకాయ మీద పెట్టవద్దని నిబంధన. నలభై ఏళ్లు పొలంలో ఒట్టికాళ్లతో నడిచిన మనిషి అరికాలిలో ఆనె లేని చోటు ఎక్కడ వెతుకుతారు? కెన్యాలో చెప్పులు లేకుండా నడిచేవారిని పరిశీలించిన ఒక అధ్యయనం, చర్మం మందమైనంత మాత్రాన నడిచేటప్పుడు స్పర్శ తగ్గదని 2019లో నేచర్‌లో తేల్చింది. వాళ్లు ఆరోగ్యవంతులు. షుగర్ ఉన్న పత్తిరైతు సంగతి వేరే ప్రశ్న. దాన్ని దేవరకొండ వైపు అడగాలి.

ఖరీదైన పరికరాలు లేకపోతే పరిశోధన కాదనుకునే వాళ్లకు ఒక ఉదాహరణ. మణిపాల్ వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి, చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి, వేసుకోని పిల్లల్లో 2.8 శాతం మందికి చదును పాదాలు ఉన్నాయని 1992లో చూపించారు. వాడింది పాదముద్రలే. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా ఉటంకిస్తుంది. అదీ బ్రిటిష్ పత్రికలోనే వచ్చిందనుకోండి.

డబ్బు లెక్క

పత్రిక ఉచితం అంటే ఖర్చు లేదని కాదు, ఖర్చు వేరొకరు పెడుతున్నారని. పాఠకుడు కట్టడం పాత పద్ధతి. రచయిత కట్టడం రెండోది. వ్యాసం ఎంపికయ్యాక ప్రచురణ రుసుము వసూలు చేస్తారు. నేచర్ పత్రిక 2020లో ఈ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించింది. జిల్లా ఆసుపత్రి వైద్యుడికి అది నెలల జీతం. ఇక మూడోది, పాఠకుడూ కట్టక, రచయితా కట్టక, ఏదో ఒక సంస్థ భరించేది. దీన్ని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. పేరు ఆడంబరంగా ఉన్నా, ఇది మన గ్రామ గ్రంథాలయం నడిచే పద్ధతే.

మన పత్రికకు ఈ మూడో దారే సరైనదని నా అభిప్రాయం. రచయిత దగ్గర డబ్బు తీసుకోవడం మొదలైన క్షణం నుంచి, ఒప్పుకున్న ప్రతి వ్యాసం ఆదాయం, తిప్పిపంపిన ప్రతి వ్యాసం నష్టం అవుతుంది. ఆ ప్రలోభం ఎంత దూరం తీసుకెళుతుందో చూడ్డానికి మనం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గురించి, రుసుముల గురించి పరిశోధకులను తప్పుదారి పట్టించిందన్నది అభియోగం. 2019లో అక్కడి కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. తెలంగాణ చిరునామాతో కొత్త వైద్య పత్రిక వస్తే బయటివారు మొదట అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం అన్యాయమే కావొచ్చు, కానీ అది ఉందని తెలుసుకుని అడుగు వేయాలి.

అసలు ఖర్చు ఎంత? పత్రిక నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితం. కెనడాలోని పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ తయారుచేసిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌ను ప్రపంచమంతా వేల పత్రికలు వాడుతున్నాయి. పత్రికకు గుర్తింపుగా ఉండే ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్యను ఢిల్లీలోని జాతీయ కేంద్రం రుసుము లేకుండా ఇస్తుంది. ప్రతి వ్యాసానికీ శాశ్వత చిరునామాగా పనిచేసే డీఓఐ కోసం క్రాస్‌రెఫ్‌లో ఏటా సభ్యత్వం కట్టి, కొత్త వ్యాసం ఒక్కోదానికి ఒక డాలరు ఇవ్వాలి. ఇవన్నీ చిన్నవి. భాష దిద్దేవారికి, గణాంకాలు సరిచూసేవారికి, పబ్‌మెడ్ సెంట్రల్ కోరే ఎక్స్‌ఎంఎల్ అనే కంప్యూటరు రూపంలోకి వ్యాసాన్ని మార్చేవారికి ఇచ్చేది పెద్దది. అన్నిటికంటే పెద్దది, సమీక్షకులకు ఉత్తరాలు రాసి, గుర్తుచేసి, మళ్లీ గుర్తుచేసే ఒక సహాయ సంపాదకుడి జీతం. బడ్జెట్‌లో చాలామంది మరిచిపోయేది ఈ మనిషినే. నా లెక్కలో వెబ్‌సైటు కంటే ముందు ఈ మనిషిని పెట్టుకోవాలి.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇక ఇవన్నీ ఎందుకు' అని అడిగేవాళ్లు ఉంటారు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ పథకం కింద దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులకు ఇది నిజంగా మేలు. కానీ కల్వకుర్తిలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఫిజియోథెరపిస్టుకు, నాన్న కాలి పుండు గురించి చదవాలనుకునే కూతురికి ఆ తలుపు తెరుచుకోదు. పైగా అది చదవడానికి ఏర్పాటే తప్ప, మన రోగుల సమాచారం ఎక్కడ అచ్చవ్వాలన్న ప్రశ్నకు జవాబు కాదు.

మెట్టెలు, పచ్చబొట్టు, లైసెన్సు

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన చిక్కు. ఓపెన్ యాక్సెస్ పత్రికలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వాడతాయి. వాటిలో ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చేది సీసీ బై. రచయిత పేరు చెబితే చాలు, ఎవరైనా, ఏ పనికైనా, వ్యాపారానికైనా వ్యాసంలోని బొమ్మలు వాడుకోవచ్చు. రాసిన మాటలకు ఇది మంచిదే. పాదం ఫొటోకు?

పాదాల పరిశోధన ఫొటోలు లేకుండా సాగదు. పుండు ఎంత లోతు, అంచు ఎలా ఉంది, చికిత్స తర్వాత ఎంత మూసుకుంది, ఇవన్నీ చూపించాలి. ముఖం కనిపించదు కాబట్టి మనిషి ఎవరో తెలియదని అనుకుంటారు. కానీ వేలికి మెట్టెలు ఉంటాయి, కాలికి కడియం, చీలమండ పైన పచ్చబొట్టు ఉంటాయి. ఊరి పేరు, వయసు, పత్తి ఏరే పని, ఎడమ బొటనవేలు తీసేశారన్న వివరం వ్యాసంలో ఉంటే, ఆ మండలంలో ఆ మనిషిని గుర్తుపట్టడానికి ముఖం ఎందుకు? పైగా సీసీ బై కింద అచ్చయిన ఆ ఫొటోను రేపు ఏదో చెప్పుల కంపెనీయో, పుండ్లకు లేహ్యం అమ్మేవాడో ప్రకటనలో వాడుకుంటే, కాపీరైటు పేరుతో పత్రిక అడ్డుకోవడం కష్టం. ఒకసారి ఇచ్చిన ఆ లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఆపరేషన్‌కు ముందు వేయించుకునే వేలిముద్ర దీనికి సరిపోదు. ఫొటో కోసం వేరే అంగీకార పత్రం, తెలుగులో, వీలైతే ఉర్దూలో కూడా, చదవడం రానివారికి చదివి వినిపించి తీసుకోవాలి. 'ఈ బొమ్మ ప్రపంచంలో ఎవరైనా చూస్తారు, వాడుకోవచ్చు, తర్వాత తీసేయమన్నా పూర్తిగా పోదు' అన్న వాక్యం అందులో ఉండాలి. రోగి వద్దంటే ఫొటో బదులు గీత బొమ్మ వేయాలి. వ్యాసాలకు సీసీ బై ఉంచి, రోగుల ఫొటోలకు వేరే షరతు పెట్టడం కూడా సాధ్యమే. సంపాదక వర్గం మొదటి సమావేశంలోనే దీన్ని తేల్చుకోవాలి.

ఫొటోల తర్వాత నైతిక సంఘం అనుమతి. పరిశోధన మొదలుకాకముందే తీసుకోవాలి, వ్యాసం రాసేటప్పుడు గుర్తొచ్చి కాదు. చికిత్సను పరీక్షించే ప్రయోగమైతే మొదటి రోగిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఇందులో మినహాయింపులు ఇవ్వడం మొదలుపెడితే పత్రిక ఏడాదిలో పలచబడుతుంది.

అందరూ అందరికీ తెలిసిన చోట సమీక్ష

వ్యాసాన్ని అదే రంగంలోని మరో ఇద్దరికి పంపి లోపాలు వెతికించడమే పీర్ రివ్యూ. రచయిత ఎవరో సమీక్షకుడికి, సమీక్షకుడు ఎవరో రచయితకు తెలియకుండా చేయడం బాగుంటుందని అంటారు. 'నల్లగొండలోని ఒక బోధనాసుపత్రిలో మధుమేహ పాదం' అని శీర్షిక చూడగానే రాసింది ఎవరో మనవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఒకరు మరొకరికి సీనియర్, ఒకరు మరొకరి పరీక్షలకు ఎగ్జామినర్. ఇటువంటి చోట మొహమాటం లేని సమీక్ష కావాలంటే రెండింట్లో కనీసం ఒక సమీక్ష రాష్ట్రం బయటి నుంచి రావాలి. వెల్లూరు, మణిపాల్, వీలైతే శ్రీలంక, కెన్యా. వాళ్లు ఎందుకు చేస్తారంటే, మనం వాళ్ల వ్యాసాలు సమీక్షిస్తాం కాబట్టి. బదులుకు బదులు, అంతకంటే గొప్ప రహస్యం లేదు.

ప్రమాణాలు చూసి ఓపెన్ యాక్సెస్ పత్రికలను జాబితాలో చేర్చుకునే డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్, అంటే డోజ్, ఇక్కడ ఒక పదునైన నిబంధన పెట్టింది. తాజా రెండు సంచికల్లో దేనిలోనూ సంపాదకులు, సంపాదక మండలి సభ్యులు, సమీక్షకులు రచయితలుగా ఉన్న పరిశోధన వ్యాసాలు 25 శాతం దాటకూడదు. కళాశాల పత్రికల్లో చాలావాటిని ఈ ఒక్క లెక్కతో తూచొచ్చు. ప్రిన్సిపాల్ పేరు ప్రతి సంచికలోనూ కనిపిస్తే ఆ పత్రికకు డోజ్ తలుపు మూసుకున్నట్టే.

డోజ్ ఎందుకంత ముఖ్యం? వైద్య అధ్యాపకుల పదోన్నతికి లెక్కలోకి వచ్చే సూచికల్లో, అంటే పత్రికల జాబితాల్లో, అదీ ఒకటి. కొత్త పత్రికకు చేరువలో ఉన్నదీ అదే. ఏడాదికి మించి ప్రచురణ చరిత్ర గానీ, కనీసం పది పరిశోధన వ్యాసాలు గానీ ఉంటే దరఖాస్తు చేయొచ్చు, ఆపైన ఏటా ఐదుకు తగ్గకూడదు. పబ్‌మెడ్ సెంట్రల్ కనీసం 25 వ్యాసాలు చూడనిదే పరిశీలించదు. స్కోపస్ అనే మరో సూచికకు రెండేళ్ల చరిత్ర కావాలి. సూచికలో లేని పత్రికకు ఎవరూ వ్యాసం ఇవ్వరు, వ్యాసాలు లేనిదే సూచికలో చేరదు. ఈ చిక్కుముడి విప్పడానికి మొదటి ఏడాది పదోన్నతి అవసరం లేని పెద్దవాళ్లు రాయాలి. ప్రొఫెసర్లు, రిటైరైన సర్జన్లు. వాళ్ల దగ్గర ముప్పై ఏళ్ల రోగుల నోటు పుస్తకాలు ఉంటాయి. వాటిలో సగమైనా చెదలు పట్టకముందే అచ్చుకెక్కాలి.

పత్రిక ఎవరిదన్నది ఇంకో మెలిక. ప్రభుత్వ వైద్యుడికి బదిలీ ఎప్పుడొస్తుందో తెలియదు. సంపాదకుడు ఆదిలాబాద్ వెళ్లిపోతే పాస్‌వర్డ్ ఆయనతోనే వెళ్లిపోతుంది. 2000 నుంచి 2019 మధ్య ప్రపంచంలో 170కి పైగా ఓపెన్ యాక్సెస్ పత్రికలు ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని ఒక అధ్యయనం లెక్కతేల్చింది. డొమైన్ రుసుము కట్టడం మరిచిపోతే చాలు, పదేళ్ల శ్రమ తెల్లారేసరికి కనిపించదు. అందుకే డొమైన్ ఒక వైద్యుడి పేరు మీద కాక, విశ్వవిద్యాలయం పేరు మీదో రిజిస్టరైన సంఘం పేరు మీదో ఉండాలి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడేవారికి ప్రతులను వేర్వేరు దేశాల సర్వర్లలో భద్రపరిచే ఉచిత ఏర్పాటు ఉంది. మొదటి వ్యాసం రోజే దాన్ని ఆన్ చేయాలి.

భాష విషయంలో నాది కొంచెం మొండి పట్టు. వ్యాసం ఇంగ్లీషులో ఉండక తప్పదు, లేకపోతే బయటివాళ్లు సమీక్షించలేరు. కానీ ప్రతి వ్యాసానికి ఒక పేజీ తెలుగు సారాంశం ఉండాలి. అది శీర్షికకు అనువాదం కాకూడదు. ఆశా కార్యకర్త చదివి రేపటి నుంచి ఏం చూడాలో తెలుసుకునేలా ఉండాలి. చెప్పులు కుట్టేవారికి కూడా అందాలి. పాలమూరులోని కురుమూర్తి స్వామికి ఏటా కార్తీకంలో ఉద్దాలు కుట్టేది వడ్డెమాన్ పనివారే, ఆ తోలు చెప్పులు ఊరేగింపుగా కొండకు వెళతాయి. అంతటి పనితనం ఉన్న చేతులకు, స్పర్శ పోయిన పాదానికి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్టతో చెప్పు ఎలా కుట్టాలో, పుండు ఉన్నచోట ఒత్తిడి ఎలా తప్పించాలో కొలతలతో సహా చెప్పే వ్యాసం మొదటి సంచికలో ఉంటే బాగుంటుంది. రాయాల్సింది సర్జన్, ఫిజియోథెరపిస్టు, చెప్పులు కుట్టే మనిషి, ముగ్గురూ కలిసి. రచయితల పేర్లలో మూడో పేరు కూడా ఉండాలి.